కంపనాల నుంచి స్థితిస్థాపక స్థిరాంకాలు: క్వాలిఫైయింగ్ పరీక్షకు నేను చదివిన తీరు

క్వాలిఫైయింగ్‌కి చదువుతున్న మిత్రులకు,

కంపన కొలతల నుంచి పదార్థ ధర్మాలు రాబట్టడం అనే అంశం సిలబస్‌లో ఒక్క వాక్యమే. ఆ వాక్యంలో మూడు సబ్జెక్టులు కలిసి ఉన్నాయి: వైబ్రేషన్స్, ఫైనైట్ ఎలిమెంట్, ఆప్టిమైజేషన్. మూడూ విడివిడిగా బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడ తడబడటం చూశాను. చాలామంది పద్ధతుల పేర్లతో మొదలుపెడతారు కాబట్టే ఆ ఇబ్బంది అని నా నమ్మకం. నేను మాత్రం ఒకే ప్రశ్న పట్టుకుని చదివాను: ఏ ఫ్రీక్వెన్సీకి ఏ స్థిరాంకం తెలుసు, ఎంత తెలుసు?

ముందు బీమ్ తీసుకోండి. రెండు చివరలూ స్వేచ్ఛగా ఉన్న ఉక్కు పట్టీ, పొడవు 200 మిల్లీమీటర్లు, మందం 5. యంగ్ మాడ్యులస్ 200 గిగాపాస్కల్, సాంద్రత ఘనపు మీటరుకు 7850 కిలోలు. సన్నని బీమ్ వంపుకి వాడే ఆయిలర్-బెర్నూలీ సూత్రంలో మొదటి మోడ్ (కంపన రూపం) విలువ 4.730, దాని వర్గం 22.37. లెక్క కడితే మొదటి ఫ్రీక్వెన్సీ దాదాపు 648 హెర్ట్జ్. అదే కొలతల అల్యూమినియం పట్టీకి 70 గిగాపాస్కల్, 2700 కిలోలు వేసి చూడండి. 654 వస్తుంది! మాడ్యులస్ దాదాపు మూడో వంతుకు పడిపోయినా ఫ్రీక్వెన్సీ ఒక్క శాతమే కదిలింది. ఫ్రీక్వెన్సీకి తెలిసేది మాడ్యులస్‌ని సాంద్రతతో భాగిస్తే వచ్చే విలువ మాత్రమే. పట్టీని తూచకుండా మాడ్యులస్ చెప్పలేం. ఐడెంటిఫయబిలిటీ (కొలతల నుంచి ఏ స్థిరాంకాన్ని నిజంగా రాబట్టగలం అన్నది) మీద ఎన్ని పేజీలు చదివినా ఈ చిన్న లెక్క నేర్పినంత స్పష్టంగా నాకు అర్థం కాలేదు.

సాంద్రత బదులు తూచిన ద్రవ్యరాశి వేసి ఇదే సూత్రాన్ని తిరగేస్తే, మాడ్యులస్ ఫ్రీక్వెన్సీ వర్గానికి అనులోమంగా, మందం ఘనానికి విలోమంగా ఉంటుంది. 5 మిల్లీమీటర్ల మందాన్ని 4.95గా కొలిస్తే 200 కాస్తా 206 అవుతుంది. ఫ్రీక్వెన్సీని ఎంత ఖచ్చితంగా కొలిచినా మైక్రోమీటర్ దగ్గర అజాగ్రత్త చేస్తే ఫలితం పాడైనట్టే. ఎర్రర్ మీద ప్రశ్న వస్తే ముందుగా రాయాల్సింది ఇదే.

తర్వాత పాయిజాన్ నిష్పత్తి, అంటే ఒక దిశలో సాగదీస్తే అడ్డంగా ఎంత సన్నబడుతుందో చెప్పేది. ఇక్కడ నిదానంగా చదవండి. టోర్షన్ నుంచి షియర్ మాడ్యులస్, వంపు నుంచి యంగ్ మాడ్యులస్ తెచ్చుకుని రెండింటి నుంచీ నిష్పత్తి లెక్కించవచ్చు. అయితే ఆ రెండు మాడ్యులస్‌ల భాగహారంలో 1 శాతం తేడా వస్తే, 0.3 ఉన్న నిష్పత్తిలో అది 4 శాతం దాటుతుంది. అందుకే పలకల మీదికి వెళ్లాలి. 1980లలో హ్యూగో సోల్ చేసిన పనిలోని ఆలోచన నాకు ఈ మొత్తం అంశంలో అన్నిటికన్నా అందంగా అనిపించింది. ఆర్థోట్రోపిక్ (రెండు లంబ దిశల్లో వేర్వేరు గట్టిదనం ఉన్న) పలకను, పొడవు వెడల్పుల నిష్పత్తి రెండు మాడ్యులస్‌ల నిష్పత్తికి నాలుగో మూలం అయ్యేలా కోస్తారు. ఒక దిశలో 160, మరో దిశలో 10 గిగాపాస్కల్ ఉంటే, గట్టి దిశలో పొడవు వెడల్పుకి రెండింతలు. అప్పుడు రెండు దిశల వంపు ఫ్రీక్వెన్సీలూ సమానమవుతాయి. పాయిజాన్ నిష్పత్తి సున్నా అయితే అవి అలాగే కలిసి ఉంటాయి. లేకపోతే ఆ జంట శాడిల్, బ్రీదింగ్ అనే రెండు మోడ్‌లుగా విడిపోతుంది. ఐసోట్రోపిక్ (అన్ని దిశల్లో ఒకేలా ఉన్న) చదరపు పలకలో ఇది అంకెల్లోనే కనిపిస్తుంది. నిష్పత్తి సున్నా దగ్గర రెండు మోడ్‌ల డైమెన్షన్‌లెస్ ఫ్రీక్వెన్సీలూ 22.37, అంటే బీమ్‌లో చూసిన విలువే. నిష్పత్తి 0.3 చేస్తే ఒకటి సుమారు 19.6కి దిగుతుంది, ఇంకోటి 24.3కి ఎక్కుతుంది. ఆ ఎడమే పాయిజాన్ నిష్పత్తికి కొలబద్ద. షియర్ మాడ్యులస్ సంగతి టోర్షన్ మోడ్ చూసుకుంటుంది. బొమ్మ గీసి, నోడల్ గీతలతో సహా ఈ మూడు మోడ్‌లూ చూపిస్తే ఎగ్జామినర్ ఇక వేరే రుజువు అడగరు.

ఇక కంప్యూటేషన్. సిద్ధంగా ఉన్న సాఫ్ట్‌వేర్ వద్దు, రేలీ-రిట్జ్ పద్ధతితో (కంపన రూపాన్ని తెలిసిన ఫంక్షన్ల మొత్తంగా రాసి, శక్తుల నుంచి ఫ్రీక్వెన్సీ తెచ్చేది) సొంత కోడ్ రాసుకోండి. స్వేచ్ఛా చదరపు పలకను రిట్జ్ 1909లోనే ఈ దారిలో చేశాడు, కాబట్టి సరిచూసుకోవడానికి సమాధానాలు దొరుకుతాయి. ఐగెన్ విలువ (ఇక్కడ కోణీయ ఫ్రీక్వెన్సీ వర్గం) డెరివేటివ్‌కి 1968 నాటి ఫాక్స్-కపూర్ సూత్రం నోటికి రావాలి: స్టిఫ్‌నెస్ మాట్రిక్స్ డెరివేటివ్‌లోంచి ఐగెన్ విలువ రెట్లు మాస్ మాట్రిక్స్ డెరివేటివ్ తీసేసి, రెండు పక్కలా మాస్-నార్మలైజ్ చేసిన మోడ్ వెక్టర్‌తో గుణించడం. సన్నని పలకలో స్టిఫ్‌నెస్ మాట్రిక్స్ బెండింగ్ రిజిడిటీలకు లీనియర్‌గా ఉంటుంది, కాబట్టి ఒక్కోదాని డెరివేటివ్ మాట్రిక్స్ ఒక్కసారి కట్టుకుంటే చాలు. సరిచూసుకునే దారి కూడా ఉంది: అన్ని రిజిడిటీలకూ ఒక ఐగెన్ విలువ సాపేక్ష సెన్సిటివిటీలు (రిజిడిటీ ఒక శాతం మారితే ఐగెన్ విలువ ఎన్ని శాతం మారుతుందో) కలిపితే సరిగ్గా 1 రావాలి. పరీక్ష హాల్లో ఇది చాలా ఆదుకుంటుంది.

ఆ సెన్సిటివిటీల పట్టిక చేతికొచ్చాక, కొలిచిన ఫ్రీక్వెన్సీలకు సరిపోయేలా స్థిరాంకాలను అంచెలంచెలుగా సవరించే గాస్-న్యూటన్, లెవెన్‌బర్గ్-మార్క్వార్ట్ పెద్ద కష్టం కావు. ఇటరేషన్‌లో మోడ్‌ల వరస మారిపోవచ్చు కాబట్టి ప్రతిసారీ మాక్‌తో (మోడల్ అష్యూరెన్స్ క్రైటీరియన్, రెండు మోడ్ రూపాల పోలికకు కొలత) జత కలపాలి, అంతవరకు చాలు. చిన్న ఘనాకార నమూనాల రెజొనెంట్ అల్ట్రాసౌండ్ పద్ధతికి డెమరెస్ట్ 1971, ఓనో 1976, విషర్ బృందం 1991 అన్న క్రమం గుర్తుంచుకోండి. అందులో కింది మోడ్‌లు ఎక్కువగా షియర్‌నే చూస్తాయి. కంప్రెషన్ స్థిరాంకం బాగా పట్టుబడాలంటే పై మోడ్‌లు కూడా కావాలి. ఇక్కడా సెన్సిటివిటీ పట్టికే మాట్లాడుతోంది చూశారా! న్యూరల్ నెట్‌వర్క్‌లు, బేసియన్ పద్ధతులు సమయం మిగిలితే చివర్లో చదవండి.

వైవాలో తప్పకుండా వచ్చే ప్రశ్న: కన్వర్జ్ అయింది, రెసిడ్యువల్ (కొలిచిన, లెక్కించిన ఫ్రీక్వెన్సీల తేడా) చిన్నదే, మరి ఫలితాన్ని నమ్ముతావా? జాకోబియన్ (అదే సెన్సిటివిటీల మాట్రిక్స్) సింగ్యులర్ విలువలు చూడకుండా నమ్మనని చెప్పండి. అతి చిన్న సింగ్యులర్ విలువ దిశలో స్థిరాంకాలు ఎంత కదిలినా ఫ్రీక్వెన్సీలు దాదాపు మారవు, రెసిడ్యువల్ ఆ విషయం చెప్పదు. తర్వాత బౌండరీ గురించి అడుగుతారు. కాంటిలీవర్ బిగింపు పూర్తిగా దృఢం కాకపోతే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది, ఆ లోటంతా మాడ్యులస్ ఖాతాలో పడుతుంది. పొట్టిగా, మందంగా ఉన్న బీమ్‌కి ఆయిలర్-బెర్నూలీ వాడినా మాడ్యులస్ తక్కువే వస్తుంది, అక్కడ షియర్‌ని కూడా లెక్కలోకి తీసుకునే టిమోషెంకో సిద్ధాంతం కావాలి. మీ కోడ్‌ని కృత్రిమ డేటాతో పరీక్షించానని చెబితే, ఆ డేటా ఏ మోడల్‌తో తయారుచేశావని అడుగుతారు. అందుకే దాన్ని వేరే మెష్‌తో, కొంత నాయిస్ కలిపి ముందే తయారుచేసి, ఆ ఫలితాల పట్టికను వైవాకి వెంట తీసుకెళ్లండి.