కంట్రోలర్ కార్డు మార్చిన రాత్రి

మా టెలికాం స్టేషన్‌లో మల్టీప్లెక్సర్ (చాలా కాల్స్‌ని కొద్ది లైన్ల మీద సర్దే పెట్టె) షెల్ఫ్‌లో రెండో స్లాటుకి చాలాకాలం ఒక ఖాళీ రేకు బిగించి ఉండేది. రెండో కంట్రోలర్ మాడ్యూలు, అంటే కార్డు, కోసం తయారీ కంపెనీ వదిలిన చోటది. ఒకటి ఉందిగా, రెండోది దేనికని ఎవరూ కొనలేదు. ఆ ఉన్న ఒక్కటీ ఒకరోజు దానంతటదే రీబూటయింది. మూడు నిమిషాల్లో తిరిగొచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చుంది. వారం తిరక్కుండా మళ్లీ అదే పని చేసింది. అప్పుడు గుర్తొచ్చింది అందరికీ ఆ ఖాళీ స్లాటు.

రెండు కొత్త మాడ్యూళ్లు వచ్చాయి, పని నా మీద పడింది. ఒకదాన్ని రెండో స్లాటులో పెట్టాలి. పాతదాంట్లో ఉన్న కాన్ఫిగరేషనంతా దాంట్లోకి రప్పించాలి. పెత్తనం దానికి అప్పగించాలి. ఆ తర్వాత జబ్బుపడ్డదాన్ని పీకి, దాని చోట ఇంకో కొత్తది పెట్టాలి. కాగితం మీద నాలుగు లైన్లు. రాత్రి ఒంటిగంట నుంచి నాలుగింటి వరకు టైమిచ్చారు.

ఈ కంట్రోలర్ ఏం చేస్తుందో ముందే చెప్తే తర్వాతి గొడవ అర్థమవుతుంది. షెల్ఫ్‌కి వచ్చేవన్నీ ఈ-1 లైన్లు. ఒక్కో లైను సెకనుకి 2.048 మెగాబిట్లు మోస్తుంది, అందులో 64 కిలోబిట్ల టైమ్‌స్లాట్లు 32. ఏ లైన్లో ఏ టైమ్‌స్లాటు ఎటు పోవాలో చెప్పే పటం క్రాస్-కనెక్ట్ కార్డులో ఉంటుంది. కంట్రోలర్ ఆ పటం రాసిచ్చే గుమాస్తా లాంటిది. గుమాస్తా సొమ్మసిల్లినా రాసిచ్చిన పటం అక్కడే ఉంటుంది కాబట్టి కాల్స్ నడుస్తూనే ఉంటాయి. మాకు ధైర్యం ఇచ్చింది ఇదే. కానీ తప్పుడు పటం రాసిచ్చే గుమాస్తా వచ్చి కూర్చుంటే, పెట్టె మారుమాట్లాడకుండా దాన్నే పాటిస్తుంది. ఆ సంగతి ఆ రాత్రి రెండు దాటాక గానీ నాకు ఒంటికి తగల్లేదు.

ముందురోజు పగలే డేటాబేసు బ్యాకప్ తీశాను. అది బైనరీ ఫైలు, తెరిచి చదివే వీల్లేదు. అందుకని క్రాస్-కనెక్షన్లు, ఐపీ వివరాలు, క్లాక్ సోర్సులు (షెల్ఫ్ తన గడియారాన్ని ఏ లైను చూసి నడపాలో), అలారం సెట్టింగులు అన్నీ స్క్రీన్ మీదికి రప్పించి మామూలు టెక్స్ట్ ఫైల్లో దాచుకున్నాను. లైట్లు ఏవి పచ్చగా ఉన్నాయో, ఏవి ఆరి ఉన్నాయో ఫోటో తీసుకున్నాను. అప్పటికి అతి జాగ్రత్త అనిపించింది.

రాత్రి నాతో పాటు వచ్చిన టెక్నీషియన్ వయసులో నాకంటే బాగా పెద్దాయన. నేను అన్నా అంటాను, ఆయన నన్ను సార్ అంటాడు. ముందు కరెంటు చూశాం. టెలికాం పరికరాలు మైనస్ 48 వోల్టుల మీద నడుస్తాయి కదా, మీటర్ మాత్రం మైనస్ 54 దగ్గర చూపించింది. కంగారు పడాల్సిందేమీ లేదు. బ్యాటరీలో రెండు వోల్టుల సెల్స్ 24 వరసగా ఉంటాయి, ఎప్పుడూ నిండుగా ఉంచే ఫ్లోట్ ఛార్జిలో ఒక్కోటి 2.25 వోల్టుల దగ్గర నిలబడుతుంది. ప్లస్ వైపుని ఎర్త్ చేసి మైనస్‌ని వాడటం అలవాటు లేనివాళ్లకి తలకిందులుగా కనిపిస్తుంది. తడి తగిలే చోట రాగి తీగ తుప్పుపట్టి పోకుండా పాతకాలం వాళ్లు పెట్టిన పద్ధతది, ఇప్పటికీ అలాగే సాగుతోంది.

మణికట్టుకి యాంటీ-స్టాటిక్ పట్టీ కట్టుకుని షెల్ఫ్ ఎర్త్ పాయింటుకి తగిలించాను. మన ఒంట్లోని స్టాటిక్ ఓ మూడు వేల వోల్టులుంటే గానీ మనకి చురుక్కుమనదు. కొన్ని చిప్పులు పోవడానికి వంద వోల్టులు కూడా అక్కర్లేదు. పైగా అలా దెబ్బతిన్న కార్డు ఒక్కోసారి వెంటనే చావదు, ఆరునెలలకి ఉన్నట్టుండి రీబూట్ అవుతూ ఉంటుంది. మా పాత కార్డు జబ్బు కూడా అదేనేమోనని నా అనుమానం. దాన్ని పెట్టిన రోజు ఎవరి చేతికైనా పట్టీ ఉందో లేదో ఎవరికి తెలుసు?

ఖాళీ రేకు విప్పి టార్చ్ వేసి బ్యాక్‌ప్లేన్ (కార్డులు గుచ్చుకునే వెనక పలక) పిన్నులు చూశాం. ఒక్క పిన్ను వంగి ఉన్నా కార్డుతో పాటు షెల్ఫూ పోవచ్చు. అన్నీ నిటారుగా ఉన్నాయి. ఇక కార్డుని పట్టాల మీద పెట్టి తోయబోతే పై లాచ్‌కి ఒక కోక్స్ కేబుల్ అడ్డొచ్చింది. ఎవరో నీట్‌గా కట్టేసిన కట్టలోంచి అదొక్కటే బయటికి ఉబ్బి ఉంది. లేబుల్ చూస్తే మొదటి ఈ-1, షెల్ఫంతటికీ క్లాక్ ఇచ్చే లైను. దాన్ని పక్కకి లాగేటప్పుడు కదిలి క్లాక్ అటూఇటూ ఊగుతుందేమోనని, పాత కంట్రోలర్‌లో ఒక కమాండు ఇచ్చాను: క్లాక్‌ని రెండో లైను మీదికి ఫోర్స్ చెయ్యి అని. జాబితాలో రెండో ప్రాధాన్యం దానికే ఉంది. కేబుల్ జరిపాం, రెండు లాచ్‌లూ ఒకేసారి మూశాం, కార్డు టక్కుమని కూర్చుంది. ఆ ఫోర్స్ కమాండుని మళ్లీ తీసెయ్యాలన్న మాట నా బుర్రలోంచి పూర్తిగా పోయింది.

లాప్‌టాప్‌ని కొత్త కార్డు కన్సోల్‌కి (కమాండ్లు కొట్టే పోర్టు) కలిపితే స్క్రీన్ నిండా పిచ్చి గీతలు, తలకిందుల అక్షరాలు. ఏదో ఒకటి వస్తోందంటే వైర్లు సరిగ్గా ఉన్నట్టే, స్పీడే తేడా. మాన్యువల్‌లో సెకనుకి 9600 బిట్లని ఉంది. ఈ బ్యాచ్ 115200 మీద వచ్చింది. మార్చగానే కుదురుగా లాగిన్ అడిగింది.

ఆ వెంటనే అసలు అడ్డం. కొత్త కార్డులో సాఫ్ట్‌వేర్ వెర్షన్ పాతదాని కన్నా ముందుంది. రెండూ ఒకే వెర్షన్‌లో ఉంటే తప్ప సింక్ కావు, అంటే ఒకదాని డేటా ఇంకోదానికి చేరదు. జబ్బుపడ్డ కార్డుని అప్‌గ్రేడ్ చేసే ధైర్యం నాకు లేదు, మధ్యలో అది మళ్లీ రీబూటయితే అంతే సంగతులు. కాబట్టి కొత్తదాన్నే కిందికి దించాలి. ఫైలు 12 మెగాబైట్లు. కన్సోల్ కేబుల్ మీదే పంపిద్దామని మొదట అనుకున్నాను. మాన్యువల్‌లోని 9600 స్పీడుకైతే సెకనుకి 960 బైట్ల లెక్కన మూడున్నర గంటల పైనే. 115200కి లెక్కేసినా ఇరవై నిమిషాలు, అదీ మధ్యలో తెగకపోతే. ఈథర్‌నెట్ మీద టీఎఫ్‌టీపీ (నెట్‌వర్క్‌లో ఫైలు పంపే పద్ధతి) పెట్టాను. కదల్లేదు. పింగ్ (అవతల ఉన్నావా అనే పలకరింపు) పోతోంది, ఫైలు పోదు. పావుగంట జుట్టు పీక్కున్నాక తెలిసింది, టీఎఫ్‌టీపీ వాడే యూడీపీ 69 పోర్టుని నా లాప్‌టాప్ ఫైర్‌వాలే మూసి కూర్చుంది. తెరవగానే రెండు నిమిషాల్లో అయిపోయింది. కార్డు రీబూటయి స్టాండ్‌బై లైటు వెలిగించింది. టైము రెండుంబావు.

అప్పుడు స్క్రీన్ మీద ఒక ప్రశ్న వచ్చింది. రెండు కార్డుల డేటాబేసులూ తేడాగా ఉన్నాయి, లోకల్ నుంచి రిమోట్‌కి కాపీ చెయ్యమంటారా, అవును, కాదు.

అవునని కొట్టబోయాను. లోకల్ అంటే మన షెల్ఫ్‌లో నడుస్తున్నది, రిమోట్ అంటే కొత్తగా వచ్చింది, అంతే కదా అనుకున్నాను. వెనక నుంచి అన్న అడిగాడు, “సార్, లోకల్ అంటే ఏది? కేబుల్ ఏ కార్డుకి పెట్టారో అదేనా?”

వేలు అక్కడే ఆగింది. నా కేబుల్ ఉన్నది కొత్త కార్డుకి. ఆ స్క్రీన్ మాట్లాడుతున్నది కొత్త కార్డు. దాని దృష్టిలో లోకల్ అంటే అదే, రిమోట్ అంటే పాపం మా పాత కార్డు. అవునని కొట్టి ఉంటే కొత్తదాంట్లో ఉన్నది పాతదాని మీదికి పోయేది. పోనీ కొత్తది ఖాళీగా ఉంటుందా అంటే అదీ కాదు. జాబితా తెరిచి చూస్తే ఫ్యాక్టరీలో టెస్టు చేసినప్పటి కాన్ఫిగరేషన్ అలాగే ఉంది: నాలుగు క్రాస్-కనెక్షన్లు, ఏదో డమ్మీ నోడ్ నంబరు. మా షెల్ఫ్‌లో నడుస్తున్నవి 180 పైచిలుకు. యాక్టివ్ కంట్రోలర్ ఆ నాలుగింటినీ నిజమనుకుని క్రాస్-కనెక్ట్ కార్డుకి రాసిచ్చేది, మిగతావన్నీ ఒక్క క్షణంలో తెగిపోయేవి.

కాదని కొట్టాను. కొత్త కార్డు డేటాబేసు చెరిపేశాను. కేబుల్ తీసి పాత కార్డుకి పెట్టాను, అక్కడి నుంచి సింక్ కమాండు ఇచ్చాను. ఈసారి లోకల్ అంటే నిజంగా మాదే. ఏ ప్రశ్న ఏ కార్డు అడుగుతోందో స్క్రీన్ మీద స్లాటు నంబరుతో చెప్తే తయారీదారు సొమ్మేం పోతుందో నాకిప్పటికీ తెలీదు. అన్న ఏమీ అనలేదు, మంచినీళ్ల సీసా నా చేతిలో పెట్టాడు.

సింక్ అయ్యాక కొత్తదాన్ని యాక్టివ్ చేశాను. కనెక్షన్ల సంఖ్యని నా టెక్స్ట్ ఫైలుతో పోల్చాను, సరిపోయింది. ఇక కంట్రోల్ రూమ్‌కి కనిపించాలి. ఐపీ పాతదే వచ్చింది, గేట్‌వే సరిగ్గానే ఉంది, నెట్‌వర్క్ పోర్టు లైటు పచ్చగా వెలుగుతోంది. పింగ్ మాత్రం చచ్చినా పోదు. మాస్క్ మళ్లీ చూశాను, 255.255.255.252, ఇరువైపులా ఒక్కో చిరునామాకే చోటు, అందులో తప్పేం లేదు. కేబుల్ మార్చాను. చివరికి ఫోన్లో కంట్రోల్ రూమ్ అతన్ని అడిగాను, “అటువైపు స్విచ్ పోర్టులో మ్యాక్ అడ్రసు కట్టేశారా అండీ?” ఒక నిమిషం టైపింగ్ చప్పుడు. “అవునండీ, పాత కార్డు మ్యాక్ ఒక్కదాన్నే రానిస్తోంది.” మ్యాక్ అంటే ఒక్కో కార్డుకీ ఉండే సొంత గుర్తింపు నంబరు, కార్డు మారితే అదీ మారుతుంది. పోర్టు లైటు ఆర్పకుండా, ప్యాకెట్లని మాత్రం చప్పుడు చేయకుండా పారేసే పద్ధతిలో పెట్టారు దాన్ని. రెండు కొత్త కార్డుల మ్యాక్‌లూ చదివి చెప్పాను. షెల్ఫ్ వాళ్ల స్క్రీన్ మీద పచ్చగా వచ్చింది.

అలారాలు మాత్రం రావట్లేదు. వాళ్లు అడిగితే జవాబు వెళ్తోంది, షెల్ఫ్ తనంతట తాను చెప్పేది చేరట్లేదు. ఎస్ఎన్ఎంపీలో (పరికరాల్ని దూరం నుంచి గమనించే పద్ధతి) అడగడానికి 161 పోర్టు, ట్రాప్ (పరికరం తనంతట పంపే కబురు) రావడానికి 162. ట్రాప్ ఎవరికి పంపాలో చెప్పే చిరునామా డేటాబేసులో కాక కార్డులోనే విడిగా దాచుకుంటుందట, అందుకే సింక్‌లో రాలేదు. టెక్స్ట్ ఫైల్లోంచి చూసి కొట్టాను. మొదటి అలారం వెళ్లింది. “అండీ, ఇది 1970 జనవరి 1న వచ్చిందని చూపిస్తోంది,” అన్నాడతను నవ్వుతూ. కార్డుకి సరైన టైము చెప్పే ఎన్‌టీపీ సర్వరు చిరునామా కూడా అదే కోవలో పోయింది. దాన్నీ పెట్టాను. నాలుగుకి పది నిమిషాలుండగా బయటపడ్డాం.

పొద్దున్నే ఏడింటికి ఫోన్. మాటలు బాగానే వినిపిస్తున్నాయి, అక్కడక్కడ చిన్న టిక్కుమనే చప్పుడు అంతే. డేటా లింకులు మాత్రం ఆగి ఆగి పడిపోతున్నాయి. స్టేషన్‌కి పరిగెత్తి కౌంటర్లు చూస్తే మొదటి ఈ-1లో పావుగంటకి ఇరవై పైన స్లిప్పులు.

స్లిప్పంటే క్లాక్ తేడా. రెండు చివరలా గడియారాలు ఒకే వేగంతో కొట్టుకోవాలి. పది లక్షల్లో ఒక వంతు తేడా వచ్చినా, 125 సెకన్లకొకసారి 125 మైక్రోసెకన్ల ఫ్రేము ఒకటి పోతుంది, లేదంటే రెండుసార్లు వస్తుంది. రెండు వైపులా మంచి సీసియం క్లాకులు (అణు గడియారాలు) ఉంటే 72 రోజులకి ఒక్క స్లిప్పు వస్తే ఎక్కువ. మాకు నలభై సెకన్లకొకటి వస్తోంది, అంటే తేడా పది లక్షల్లో మూడు వంతులు.

క్లాక్ పేజీ తెరిచాను. ‘ఫోర్స్‌డ్: లైను 2’. వెన్నులో చలి పుట్టింది. సింక్ ఎంత నమ్మకంగా జరిగిందంటే, నేను మర్చిపోయిన కమాండు కూడా భద్రంగా కొత్త కార్డుకి వచ్చేసింది. ఆ రెండో లైను అవతలి చివర ఉన్న మల్టీప్లెక్సర్‌కి సొంత క్లాక్ లేదు, అది మా నుంచే తీసుకుంటుంది. అంటే నేను దాన్ని చూసి నడుస్తున్నాను, అది నన్ను చూసి నడుస్తోంది, ఇద్దరం కలిసి ఎటో కొట్టుకుపోతున్నాం. సిగ్నల్ బాగానే ఉంది కాబట్టి అలారం లేదు. ఫోర్స్ ఇచ్చాం కాబట్టి ప్రాధాన్యాలేవీ పని చెయ్యవు. అసలు ఆ లైనుని జాబితాలో రెండో సోర్సుగా ఎవరు ఎప్పుడు పెట్టారో తెలీదు. ఏళ్లుగా అక్కడే ఉంది, మొదటి లైను ఎప్పుడూ తెగలేదు కాబట్టి ఎవరికీ తగల్లేదు.

క్లియర్ కొట్టాను. మొదటి లైనుకి తిరిగొచ్చి లాక్ అయింది. జాబితాలోంచి రెండో లైనుని తీసేసి, దాని చోట షెల్ఫ్ సొంత ఆసిలేటర్‌ని (లోపలి గడియారాన్ని) పెట్టాను. పావుగంట కౌంటర్ ముందే కూర్చున్నాను, సున్నా. ఇంకో పావుగంట, సున్నా. ఆ తప్పు నాదేనని రిపోర్టులో రాశాను, రాసేటప్పుడు ‘మానవ తప్పిదం’ అని గంభీరంగా రాయాలనిపించింది గానీ ‘ఫోర్స్ తీయడం మర్చిపోయాను’ అనే రాశాను.

రెండో రాత్రి పని గంటలోపే అయింది. పాత కార్డు పీకాం, రెండో కొత్తదాన్ని విడిగా టేబుల్ మీద పవరిచ్చి వెర్షన్ మార్చి, డేటాబేసు చెరిపి, అప్పుడే షెల్ఫ్‌లో పెట్టాం. సింక్ కమాండు కొట్టే ముందు అన్న కేబుల్ చివర వేలితో తాకి చూపించాడు, యాక్టివ్ కార్డుకే ఉందని. తర్వాత యాక్టివ్ కార్డుని కావాలనే బయటికి లాగాం. స్టాండ్‌బై పది సెకన్లలోపే పెత్తనం తీసుకుంది, ఒక్క స్లిప్పు లేదు.

పాత కార్డుని యాంటీ-స్టాటిక్ కవర్లో పెట్టి అలమరలోకి చేర్చబోతుంటే ఒక అనుమానం వచ్చింది. దానిలోపల పాత డేటాబేసు ఇంకా ఉంది, రెండో లైను క్లాక్‌తో సహా. ఎప్పుడో ఎవరో స్పేర్ అనుకుని దాన్ని తీస్తారు. కవరు మీద మార్కర్‌తో పెద్దక్షరాల్లో రాశాను: ‘చెడిపోయింది. స్పేర్ కాదు. ఏ షెల్ఫ్‌లోనూ పెట్టొద్దు.’ అన్న చదివి, మార్కర్ తీసుకుని కింద ఇంకో ముక్క చేర్చాడు: ‘లోపల డేటా ఉంది.’