టీ తాగి వచ్చేలోపు

పర్లాకిమిడిలో మా జిరాక్సు కొట్టుకు ఒక తాతగారు వస్తారు. మనవల ఆధార్ అనో, పొలం పట్టా అనో వారానికోసారి ఏదో ఒక ప్రింటు. నేను కంప్యూటర్ స్విచ్ నొక్కగానే "నీ డబ్బా లేచేలోగా టీ తాగొస్తానమ్మా" అని ఎదురు హోటల్‌కి పోయేవారు. టీ తాగి, పేపరు తిరగేసి వచ్చినా బ్రౌజర్ తెరుచుకుని ఉండేది కాదు.

ర్యామ్ తక్కువైందనుకుని ఇంకో 4 జీబీ వేయించాను. డబ్బు దండగ! టాస్క్ మేనేజర్‌లో చూస్తే ప్రాసెసర్ ఖాళీగా కూర్చునుంది, డిస్క్ మాత్రం 100 శాతం.

హార్డ్ డిస్క్ అంటే తిరిగే పళ్ళెం కదా. మాది నిమిషానికి 5,400 చుట్లు తిరిగేది. ముల్లు సరైన చోటికి జరగాలి, కావలసిన ముక్క దాని కిందికి రావాలి. ఆ తిరిగి రావడానికే సగటున అయిదున్నర మిల్లీసెకన్లు. విండోస్ లేవాలంటే ఇలాంటి చిన్న ముక్కలు వేలల్లో కావాలి. హార్డ్ డిస్క్ బదులు పెట్టుకునే ఎస్ఎస్‌డీలో అన్నీ చిప్పులే, తిరిగేదేమీ లేదు, ఒక్కో ముక్క మిల్లీసెకన్లో పదో వంతుకే వచ్చేస్తుంది.

అట్టపెట్టె మీద సెకనుకు 3,500 ఎంబీ అని రాసి ఉన్న ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీయే కావాలని పట్టుబట్టాను. "వదినా, నీ బోర్డుకి ఆ స్లాటే లేదు" అని మా మరిది హార్డ్ డిస్క్ కేబుల్‌కే తగిలే 240 జీబీ సాటా రకంది తెచ్చి బిగించాడు. దాని మీద 550 అని ఉంది. మనసు చివుక్కుమంది. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ రెండూ పెద్ద ఫైలును ఏకబిగిన చదివేటప్పటి లెక్కలట. చిన్న ముక్కలు ఒక్కొక్కటిగా అడిగితే ఆ 3,500ది కూడా మామూలుగా వంద దాటదు. నా పనంతా చిన్న ముక్కలదే.

పెళ్ళిళ్ళ సీజన్లో మళ్ళీ మొండికేసింది. ఒడియా కార్డులు, పాతపట్నం వాళ్ళ తెలుగు కార్డులు, ఫొటోలు అన్నీ సీ డ్రైవ్‌లోనే. ఖాళీ తగ్గిపోయి డ్రైవ్ గీత ఎర్రబడింది. సేవ్ నొక్కితే సగంలో ఆగి ఆలోచించేది. ఎస్ఎస్‌డీలో ఉండే ఫ్లాష్ చిప్పుల్లో పాతదాని మీదే కొత్తది రాయడం కుదరదు, చాలా ముక్కలుండే బ్లాకు మొత్తం చెరపాలి. ఖాళీ లేకపోతే ముందు సామాను సర్దుకోవాలి, మా వంటింటి గట్టులాగే. నలభై జీబీ ఫైళ్ళు పాత హార్డ్ డిస్క్‌లోకి తోసేశాక దారికొచ్చింది.

తాతగారు మాత్రం టీ మానలేదు. "ఓటీపీ రావడానికి ఎలాగూ టైం పడుతుంది కదా" అంటూ ఫోను నా బల్ల మీదే వదిలేసి పోతారు.