పార్సెల్ దారిలో ఉండగా డ్యూటీ మారితే

నేను బట్టలు అమ్మి విదేశాలకి పార్సెల్ పంపుతుంటాను. కస్టమ్స్ డిక్లరేషన్, అదే పెట్టెలో ఏముందో దాని విలువెంతో రాసే ఫారం, చాన్నాళ్లు నాకు పార్సెల్ మీద అతికించే కాయితం ముక్క, అంతే. డిస్క్రిప్షన్ దగ్గర "బట్టలు" అని కొట్టి పడేసేదాన్ని, వెళ్లిపోయేది. అప్పట్లో అమెరికాకి 800 డాలర్ల లోపు సరుకైతే డ్యూటీయే (దిగుమతి పన్ను) లేదు కాబట్టి అక్కడా పెద్దగా ఎవరూ అడిగేవాళ్లు కాదు.

2025లో ఆ ముచ్చట తీరిపోయింది. ముందు మే 2న చైనా, హాంకాంగ్ సరుకుకి ఆ మినహాయింపు తీసేశారు, ఆగస్టు 29 నుంచి మిగతా అందరికీ కూడా. డ్యూటీ ఎవరు వసూలు చేయాలో ఎలా కట్టాలో తేలక 88 పోస్టల్ సంస్థలు పూర్తిగానో కొంతవరకో అమెరికా పార్సెళ్లు ఆపేశాయి. రేటు పెరగడం ఒక ఎత్తు, అది కట్టించుకునే ఏర్పాటే లేకపోవడం ఇంకో ఎత్తు, నాకైతే ఈ రెండోదే పెద్ద దెబ్బ అనిపించింది.

అప్పట్నుంచి ఆ కాయితంలో ప్రతి గడీకీ డబ్బు లెక్క వచ్చి కూర్చుంది. "బట్టలు" అంటే కుదరదు. ఏ రకం సరుకో చెప్పే అంతర్జాతీయ నంబరు హెచ్ఎస్ కోడ్ వేయాలి. అల్లిన గుడ్డ అయితే అందులో 61వ చాప్టర్, నేసిన గుడ్డ అయితే 62, కాటన్ టీషర్ట్ అయితే 610910. ఈ మొదటి ఆరు అంకెలు దాదాపు అన్ని దేశాల్లోనూ ఒకటే, ఆ తర్వాతవి ఎవరి దేశానివి వాళ్లవి, అమెరికాలో మొత్తం పది.

నేను బోల్తా పడింది మాత్రం ఆరిజిన్, అంటే సరుకు తయారైన దేశం రాసే గడి దగ్గర. ఎక్కణ్ణుంచి పంపుతున్నానో ఆ దేశం పేరు రాసేశా, కాలర్ లోపల లేబుల్ మీదేమో కుట్టిన దేశం పేరు ఇంకోటి ఉంది. అందరికీ ఒకే రేటు ఉన్నప్పుడు ఇది ఎవరికీ పట్టదు, దేశానికో రేటు పెట్టాక మొత్తం లెక్క దీని మీదే. పెట్టె పది రోజులు ఆగింది, రోజుకో మెయిల్, తయారీదారు వివరాలు పంపండి అని. ఇప్పుడు ప్యాక్ చేసే ముందు ప్రతి కాలర్ లేబుల్‌కీ ఫోటో తీసి పెట్టుకుంటున్నా, చూసేవాళ్లకి పిచ్చిలా ఉంటుంది.

ఇంకో సంగతి, మామూలుగా మనం పంపిన రోజు రేటు కాదు, అక్కడి కస్టమ్స్‌లో సరుకు ఎంట్రీ పడిన రోజు రేటు వర్తిస్తుంది. ఓడలో వారాల తరబడి వెళ్లే సరుకుకి ఇది నరకం. 2025 ఏప్రిల్‌లో అమెరికా 10 శాతం అదనపు డ్యూటీ వేసినప్పుడు 5వ తేదీకి ముందే ఓడకెక్కి దారిలో ఉన్న సరుకుని వదిలేశారు, కానీ దానికి లోడ్ చేసిన తేదీ రుజువు కావాలి, అంటే బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కినట్టు రవాణా వాళ్లిచ్చే రసీదు) మీది ఒక్క తేదీతో వేలకి వేలు అటూ ఇటూ అయిపోతాయి.

డ్యూటీ ఎవరు కట్టాలన్నది ముందే చెప్పకపోతే కొరియర్ వాళ్లు కొన్నవాళ్ల గుమ్మం దగ్గర అడుగుతారు, పైగా తమ ఫీజు కలిపి. వాళ్లు వద్దంటే పార్సెల్ వెనక్కి, రానూపోనూ ఖర్చు మన నెత్తిన. అందుకే నేను డీడీపీలో (డెలివర్డ్ డ్యూటీ పెయిడ్, అంటే డ్యూటీ అమ్మేవాళ్లే కట్టే పద్ధతి) పంపుతున్నా, డ్యూటీ ముందే ధరలో కలిపేసి.

మొన్న ఒకావిడ "గిఫ్ట్ అని రాసేయండి, విలువ తగ్గించి" అని మెసేజ్ పెట్టారు. మీరు డబ్బు కట్టిన ఇన్‌వాయిస్ ఆ పెట్టె మీదే అతికించి ఉంటుందండీ అన్నాను.