జ్విక్కీ వెతికిన చుక్కలు

ఖగోళ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ జ్విక్కీ పరిశోధనా జీవితం గురించి చదివినప్పుడల్లా నా మనసు 1934 దగ్గర ఆగిపోతుంది. పరమాణు కేంద్రకంలో ఉండే, విద్యుదావేశం లేని కణమైన న్యూట్రాన్‌ను కనుగొని అప్పటికి రెండేళ్లే అయింది. అయినా సూపర్‌నోవా, అంటే నక్షత్రం పేలి విపరీతంగా వెలగడం, మామూలు నక్షత్రం న్యూట్రాన్ నక్షత్రంగా (దాదాపు న్యూట్రాన్లతోనే నిండిన, ఎంతో చిన్నదీ దట్టమైనదీ అయిన నక్షత్రంగా) మారడమేనని ఆయన, తోటి ఖగోళ శాస్త్రవేత్త వాల్టర్ బాడే ధైర్యంగా ప్రతిపాదించారు. ఊహతో ఊరుకోలేదు. 1936 నుంచి కాలిఫోర్నియాలోని పాలోమార్ కొండ మీద, ఆకాశంలో విశాలమైన భాగాన్ని ఒకేసారి ఫొటో తీయగల 18 అంగుళాల ష్మిట్ టెలిస్కోపుతో అవే గెలాక్సీలను మళ్లీ మళ్లీ ఫొటో తీసి, పాత ఫిల్మునూ కొత్త ఫిల్మునూ పోల్చి చూస్తూ, అంతకుముందు లేని చుక్క కోసం, అంటే సూపర్‌నోవా కోసం, జ్విక్కీ వెతికారు. 1937 ఆగస్టులో ఐసీ 4182 అనే గెలాక్సీలో దొరికిన చుక్క ఆ గెలాక్సీ మొత్తాన్ని మించి వెలిగింది. జీవితకాలంలో అలా నూటికి పైగా సూపర్‌నోవాలను పట్టుకున్నారు. సిద్ధాంతం కన్నా ఈ ఓపికే నాకు గొప్పగా తోస్తుంది. 1967లో పల్సార్ (క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే, గిరగిరా తిరిగే న్యూట్రాన్ నక్షత్రం) దొరికి, న్యూట్రాన్ నక్షత్రాలు నిజమేనని తేలేనాటికి జ్విక్కీ ఉన్నారు. బాడే 1960లోనే కన్నుమూశారు.