కరోలినా వరిచేలలో తూములూ చేటలూ

కోనసీమలో పుట్టి పెరిగిన నాకు వరిచేను అంటే కాలువ, బోదె, తూము, గట్టు. అందుకే అమెరికాలోని దక్షిణ కరోలినా తీరంలో బానిసలుగా బతికిన వరి కూలీల గురించి చదువుతున్నప్పుడు, అది పరాయి దేశపు చరిత్ర అనిపించలేదు.

పదిహేడో శతాబ్దం చివర చార్ల్‌స్టన్ పరిసరాల్లో మొదలైన ఆ సాగుకు పట్టుకొచ్చిన ఆఫ్రికన్లలో చాలామంది, సొంత నేల మీద తరతరాలుగా వరి పండించినవారే. సైప్రస్ చెట్లు నిండిన చిత్తడి అడవులను గొడ్డళ్ళతో నరికి, పారలతో మైళ్ళ కొద్దీ గట్లు పోసి, సముద్రపు పోటుకు నదిలో మంచినీరు పైకి లేచినప్పుడు దానిని చేలోకి వదిలి, పాటు సమయంలో తీసేసే ఏర్పాటు చేసింది వారి చేతులే. తూమును అక్కడ ‘ట్రంక్’ అనేవారు. మొదట్లో తొలిచిన చెట్టు మానునే గట్టు కింద పెట్టేవారు గనుక ఆ పేరు వచ్చిందంటారు. మా వైపు తాటిదోనె పెట్టి చేలోకి నీరు తీసినట్టే. మన కాలువ మీద లస్కరు చూసుకునే పనిని అక్కడ ‘ట్రంక్ మైండర్’ అనే బానిస చూసుకునేవాడు. అతడు ఏమరుపాటుగా ఉప్పునీరు రానిస్తే పంట మొత్తం పోయేది.

రోజుకు మనిషికి సాధారణంగా పావు ఎకరం, అంటే మన లెక్కలో పాతిక సెంట్లు, పనిగా కొలిచి ఇచ్చేవారు. అది పూర్తయ్యాక మిగిలిన పొద్దులో సొంత పెరడు చూసుకోవచ్చుననే మాట వినడానికి ఊరటగా ఉంటుంది గాని, మోకాలిలోతు బురదలో మలేరియాతో వణికే మనిషికి ఆ పొద్దు ఎంత మిగిలేదో నాకు అనుమానమే. పైగా 1780ల చివర నీటితో నడిచే మిల్లులు వచ్చేవరకు ధాన్యం చాలావరకు కొయ్యరోళ్ళలో దంచవలసిందే. ఆ దంపుడు పని చాలాచోట్ల తెల్లవారకముందూ, పొద్దుగూకాకా పడేది. దంపుడు ఎంత కష్టమో మా నాయనమ్మ అరచేతుల కాయలు చూసిన నాకు తెలుసు. ఆమె మాత్రం తన ఇంటి గింజలు దంచుకుంది.

1865లో బానిసత్వం రద్దయ్యాక ఆ బురదలోకి మళ్ళీ దిగడానికి చాలామంది ఒప్పుకోలేదు. తరువాత వరుస తుఫానులు గట్లను తెంచేయడంతో సాగు కూడా క్రమంగా ఆగిపోయింది. వారి వారసులైన గుల్లా ప్రజలు మౌంట్ ప్లెజంట్ దగ్గర 17వ నంబరు రహదారి పక్కన ఇప్పటికీ గడ్డిని చుట్టలుగా చుట్టి బుట్టలు అల్లి అమ్ముతున్నారు. ఒకప్పుడు బియ్యం చెరిగిన వెడల్పాటి ‘ఫ్యానర్’ బుట్ట ఫొటోను మా అమ్మకు చూపించాను.

“మూతి లేకుండా గుండ్రంగా ఉందేమిటే? ఊక ఎటు పోతుంది?” అని అడిగింది.

పైకి ఎగరేస్తే గాలికి పోతుందని చెప్పాను.

కాసేపు ఆలోచించి, “అయితే గాలివాటు చూసుకుని నిలబడాలి. ఇది చెరగడం కాదు, తూర్పారపట్టడం” అంది.