సూది బెజ్జంలోంచి సూర్యుడు

మధ్యాహ్నం కాస్త కునుకు తీద్దామని కర్టెన్లన్నీ మూసేశాను. ఒకదానికి చిన్న చిరుగు ఉందని అప్పుడే తెలిసింది. అందులోంచి దూరిన ఎండ గోడ మీద గుండ్రంగా పడింది. చిరుగు చూస్తే మూడు మూలలది! ఇంక నిద్రేం పడుతుంది.

గోడ మీద ఉన్నది చిరుగు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. ఇది చిన్నప్పుడు చదివిందే, చేసి చూడలేదంతే. చిరుగు మీద ఫాయిల్ ముక్క అంటించి, సూదితో గుండ్రంగా పొడిచి, రెండు మీటర్ల అవతల తెల్ల కాగితం ఎండకి ఎదురుగా పట్టాను. బొమ్మ తేటపడింది. స్కేలు పెడితే రెండు సెంటీమీటర్లకి కొంచెం తక్కువ. లెక్క సరిపోయింది: సూర్యుడు మనకి అర డిగ్రీ వెడల్పున కనిపిస్తాడు, కాబట్టి దూరాన్ని సుమారు 108తో భాగిస్తే చాలు.

ఇంకో ఫాయిల్ ముక్క మీద సూది మొన మాత్రం ఆనించి, మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుందేమో, అంత బెజ్జం చేశాను. బొమ్మ ఇంకా తేటగా వస్తుందని ఆశ. వెలుగు బాగా తగ్గింది, సరే. కానీ అంచులు దూదిలా విచ్చుకుపోయాయి. ఇదే వివర్తనం. దారి ఇరుకైనకొద్దీ కాంతి పక్కలకి ఎక్కువగా పరుచుకుంటుంది. ఇంత బెజ్జంలోంచైతే చుక్కంత దీపం కూడా ఆ కాగితం మీద 13 మిల్లీమీటర్ల మచ్చవుతుంది.

మరి పుస్తకాల్లో మచ్చ చుట్టూ గీసే వలయాలేవీ? కళ్ళు చికిలించి ఎంత వెతికినా ఒక్కటీ లేదు. తప్పు బెజ్జానిది కాదు, సూర్యుడిది. ఆయన చుక్క కాదు, పళ్ళెం. ఆ పళ్ళెంలో ప్రతి చుక్కా తన వలయాలు తాను గీసుకుంటుంది, అవన్నీ ఒకదాని మీద ఒకటి పడి చెరిగిపోతాయి. పదిహేడో శతాబ్దంలో గ్రిమాల్డి అనే ఇటలీ పాదిరీ ఎండనే రెండు బెజ్జాల్లోంచి, ఒకదాని తర్వాత ఒకటిగా పంపాడు. మొదటి బెజ్జమే చిన్న సూర్యుడైపోతుంది కదా, తెలివంటే అదీ. కాంతి ఇలా పరుచుకోవడానికి పేరు పెట్టిందీ ఆయనే. ఇవన్నీ రాసిన ఆయన పుస్తకం 1665లో అచ్చయ్యేనాటికి మనిషి లేడు.

నాకు రెండో బెజ్జం వరుసలో పెట్టే ఓపిక లేకపోయింది. చీకటి పడ్డాక అదే ఫాయిల్ కంటికి ఆనించి, చాలా దూరంలో ఉన్న వీధి దీపం వైపు చూశాను. (సూర్యుడి వైపు ఇలా చూడకూడదు, కన్ను పోతుంది.) నడుమ గుండ్రటి మచ్చ, దాని చుట్టూ నల్లటి సందు, ఆ తర్వాత సన్నటి వలయం! బయటి అంచు కాస్త ఎర్రగా కూడా ఉంది. రెండో వలయం నిజంగా కనిపించిందో, నేనే ఊహించుకున్నానో తేలలేదు.

ఫాయిల్ ఈ పేజీలోనే పెడుతున్నాను. సూది ఎక్కడ పడేశానో మాత్రం గుర్తు రావట్లేదు. పొద్దున్నే ఎవరి కాల్లోనూ దిగకముందే వెతకాలి.