ఆ రెండు శాతం

పర్లాకిమిడి టీ కొట్టు దగ్గర ఇందాక ఒకాయన కరెంటు బిల్లు చూపించి "ఇది ఇంకా గవర్నమెంటుదే కదండీ?" అన్నారు.

సగమే నిజం. 1996లో ఒడిశా విద్యుత్ బోర్డును విడగొట్టారు. మన దక్షిణ జిల్లాల పంపిణీలో 2021 జనవరి 1 నుంచి టాటా పవర్ వాటా 51 శాతం, సర్కారీ విద్యుత్ కంపెనీ గ్రిడ్‌కోది 49.

అసలు సంగతంతా ఆ రెండు శాతంలోనే ఉంది. సర్కారు వాటా 51 ఉంటే చట్టప్రకారం అది ప్రభుత్వ కంపెనీ. ఆడిటర్‌ని కాగ్ (సర్కారు లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) నియమిస్తుంది. ఆడిట్ నివేదిక అందాక 60 రోజుల్లోపు తనే మళ్లీ లెక్కలు తిరగేయొచ్చు. వార్షిక నివేదిక శాసనసభ ముందుకు రావాల్సిందే. 49 దగ్గర ఆ దారి లేదు.

మనకు మిగిలింది కరెంటు రేట్లు తేల్చే రెగ్యులేటరీ కమిషన్ టారిఫ్ విచారణ. పేపర్లో నోటీసు పడగానే గడువు తేదీ చూసుకోండి. అభ్యంతరాలు మన ఊళ్ల నుంచీ వెళ్లాలి.